దారం బిగుసుకుని నల్లబడ్డ పావురం వేళ్లు: రాలేదాకా ఆగాలా, ఇప్పుడే తీయించాలా?

గూడుమిద్దె: పెంపుడు పోతు పావురం, బరువు 340 గ్రాములు. కుడి పాదానికి నైలాన్ దారం చుట్టుకుంది, తీసేశాం. మధ్య వేలు మొత్తం నల్లగా ఎండి చల్లగా ఉంది. లోపలి వేలు వాచి ఊదారంగులోకి తిరిగింది. బయటి వేలు, వెనక వేలు బాగున్నాయి. మేత తింటోంది. ఒక డాక్టరు రెండు వేళ్లూ తీసేద్దామంటున్నారు, ఇంకొకరు ఆగమంటున్నారు. ఎవరి మాట వినాలి?

తెల్లరెక్క: ఆగండి. ఎండిన నలుపు వేరు, తడి నలుపు వేరు. చెమ్మ, వాసన లేకుండా వేలు ముడుచుకుపోతుంటే అది దానంతటదే రాలిపోతుంది, రెండు మూడు వారాలు పట్టొచ్చు. ప్రాణమున్న చర్మానికీ చచ్చిన చర్మానికీ మధ్య గీత తేలడానికి కొన్ని రోజులు కావాలి. గీత తేలకముందే కోస్తే బతకాల్సిన ముక్క పోతుంది, లేదంటే చచ్చిన ముక్క మిగిలి మళ్లీ కోయాల్సి వస్తుంది.

ఊదారంగు వేలి మీద ఆశ వదులుకోకండి. గోరు దగ్గర మెల్లగా నొక్కండి. పాదం లాక్కుంటే స్పర్శ ఉన్నట్టే. దారం పూర్తిగా వచ్చిందా అన్నది ముందు తేల్చుకోండి. వాచిన చర్మం పోగుల్ని మింగేస్తుంది, పైకి కనబడవు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు 9 గ్రాముల ఉప్పు కలిపి, గోరువెచ్చగా చేసి పాదాన్ని పది పదిహేను నిమిషాలు నాననివ్వండి. తర్వాత భూతద్దం కింద వేళ్ల మధ్య మడతలు చూడండి. పోగు దొరికితే లాగకండి, సన్నటి కత్తెరతో అడ్డంగా తెంపండి. లాగితే ఇంకా బిగుస్తుంది.

వేకువగూడు: ఆగమనడం తేలిక. పక్షుల చీము మన చీములా కారిపోదు, లోపలే జున్నుముక్కలా గట్టిపడుతుంది. అందుకే పైకి పొడిగా కనిపించే వేలి మొదట్లో గడ్డ ఉండొచ్చు. అది కీలుకి, ఎముకకి పాకితే పోయేది వేలు కాదు, పాదం. మధ్య వేలు ఎలాగూ చచ్చింది. చచ్చినదాన్ని వేలాడదీసుకుని తిరిగితే గుడ్డలోనో తీగలోనో ఇరుక్కుని సగంలో తెగుతుంది. శుభ్రంగా కీలు దగ్గర తీసి చర్మంతో కప్పి కుట్టేస్తే పని అయిపోతుంది. ఈలోగా కట్టు కట్టి ఉంచండి.

తెల్లరెక్క: కట్టు వద్దు! ఎండిన వేలికి గాలి తగలాలి. కట్టులో చెమ్మ నిలిచి పొడి కుళ్లు తడి కుళ్లవుతుంది.

వేకువగూడు: పచ్చిపుండు రెట్టలో తొక్కుతుంటే తెరిచి ఉంచమంటారా? అంటుకోని గాజుగుడ్డ, పైన పల్చగా దూది, ఆపైన తనకు తానే అంటుకునే బ్యాండేజి. రోజూ మార్చాలి.

తెల్లరెక్క: ఆ బ్యాండేజే సాగదీసి చుడితే దారం చేసిన పనే మళ్లీ చేస్తుంది. ముందు వదులుగా విప్పుకుని, సాగదీయకుండా చుట్టాలి. ఇది చెప్పకుండా కట్టు కట్టమంటే ఎలా?

గింజలబుట్ట: ఇద్దరికీ ఒక మాట. జిడ్డు ఆయింట్‌మెంట్లు రాయనివ్వకండి, ఈకలకంటితే ఒంటి వేడి నిలవదు. పేరు చివర 'కెయిన్' ఉండే తిమ్మిరి మందులు పక్షులకు ప్రమాదం. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్త చర్మాన్నీ కాల్చేస్తుంది.

వేకువగూడు: తెల్లరెక్క గారూ, పక్షి కాలు అనగానే మీ జవాబు ఒక్కటే, ఆగండి. ఆగీ ఆగీ కాలు పైదాకా పోయిన పక్షుల లెక్క ఎవరు చెబుతారు?

తెల్లరెక్క: అనవసరంగా మత్తిచ్చి బల్ల మీదే పోగొట్టిన పక్షుల లెక్క కూడా చెప్పండి. వేలు కోయడం ఐదు నిమిషాల పని అనేవాళ్లు మత్తు గురించి మాట్లాడరు. పక్షులు చూసే డాక్టరు దొరకడమే కష్టం. 'పావురమేగా' అంటూ కుక్కకిచ్చే లెక్కలో మందిచ్చేవాళ్లు ఉన్నారు. ఆ కోపం నాకుంది, దాచను.

వేకువగూడు: నా కోపం కూడా వినండి. మేత తింటోంది కదా అని ఇక్కడ అందరూ నిశ్చింతగా ఉన్నారు. పావురం వేటకు చిక్కే జాతి, నొప్పి పైకి చూపదు. ఈకలు ఉబ్బించుకోవడం, కళ్లు సగం మూయడం, ఒక్క కాలి మీదే నిలబడటం, ఇవే దాని కేకలు. మీరు వేలెంత మిగులుతుందని చూస్తున్నారు. ఆ రెండు మూడు వారాలూ అది ఎలా గడుపుతుందని నేను చూస్తున్నాను. పైగా బరువంతా ఎడమ పాదం మీద పడుతుంది. అరికాలు ఎర్రబడి, నునుపు తేలి, చివరికి పుండుపడుతుంది. బంబుల్‌ఫుట్ అంటారు. బాగున్న కాలు కూడా పోతుంది.

తెల్లరెక్క: నొప్పి సంగతే మీ బాధ అని మొదటే చెప్పి ఉంటే ఇంత రచ్చ లేదు. నొప్పికి మందుంది, మెలోక్సికామ్. డోసు బరువును బట్టి డాక్టరే లెక్కకట్టాలి. డైక్లోఫెనాక్ జోలికి మాత్రం పోవద్దు, రాబందుల మూత్రపిండాలు చెడగొట్టి చంపింది అదే. ఎడమ పాదం గురించి మీరన్నది నిజం. ఆ మాట నేనే ముందు చెప్పాల్సింది. గుండ్రటి కర్ర తీసేసి, నేలకు దగ్గరగా వెడల్పు పలక పెట్టి మెత్తటి గుడ్డ పరవండి. తువ్వాలు వద్దు, పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. అరికాలు రోజూ చూడాలి.

కానీ లోపలి వేలు విషయంలో నేను తగ్గను. మూడు ముందు వేళ్లలో రెండు పోతే పట్టు పోయినట్టే.

వేకువగూడు: మధ్య వేలు విషయంలో నేనూ తగ్గను.

పెంకుటిల్లు: కాలికి రింగుందా? ఉంటే వాపు అక్కడికి పాకకముందే ఆ రింగును కోయించి తీయించండి.

గూడుమిద్దె: రింగు ఇవాళే తీయించాం. భూతద్దంలో లోపలి వేలి మడతలో ఇంకో పోగు దొరికింది, తెంపాం. ఆ వేలు నొక్కితే పాదం లాక్కుంటోంది. మధ్య వేలి మొదట్లో చెమ్మ, కాస్త వాసన ఉన్నాయి. డాక్టరు మధ్య వేలు ఒక్కటే రేపు తీస్తామన్నారు. మేత ఎప్పుడు ఆపాలి?

తెల్లరెక్క: వాసన ఉంటే ఇక ఆగకూడదు, తీయించండి. పక్షిని రాత్రంతా పస్తు ఉంచితే నీరసిస్తుంది. ఎన్ని గంటలో డాక్టర్నే అడగండి. బయల్దేరే ముందు గొంతు కింద మేతసంచిని తడిమి చూడండి, గింజలు తగిలితే ఆ మాట ముందే చెప్పండి. మత్తులో అవి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

వేకువగూడు: ఈలోపు ఆ వేలిని చేత్తో తెంపకండి. ఈ బరువు పావురంలో రక్తం మొత్తం 30 మి.లీ. దాపు, కొద్దిగా పోయినా లెక్కే. ఇంటికొచ్చాక గది వెచ్చగా ఉంచి, నీళ్లూ మేతా లేవకుండానే అందేలా పెట్టండి. రోజూ ఒకే వేళకు తూకం వేయండి. 340 నుంచి 306కి దిగితే, అంటే పదోవంతు తగ్గితే, మళ్లీ చూపించాలి. లోపలి వేలి రంగు రోజూ ఇక్కడ రాయండి.