కారణం లేకుండా వచ్చే నొప్పులు: చూపించుకోవాలా, వయసనుకుని ఊరుకోవాలా?

నిద్రమబ్బు:
నాకు 47. మొన్న రాత్రి నిద్రలో అటు నుంచి ఇటు ఒత్తిగిలాను, అంతే, మెడ పట్టేసింది. నాలుగు రోజులైంది. ఎవరైనా పిలిస్తే తల తిరగదు, మనిషి మొత్తం తిరగాల్సి వస్తోంది. అంతకుముందు నెల ఎడమ మడమ. ఎక్కడా పడలేదు, దేనికీ తగల్లేదు. పొద్దున్నే మంచం దిగితే మొదటి పది అడుగులు కుంటడం, తర్వాత ఏమీ లేనట్టే నడవడం. పదిహేను రోజులకి ఎలా వచ్చిందో అలాగే పోయింది. మెట్లెక్కుతుంటే మోకాళ్ల చప్పుడు వెనకాల వచ్చేవాళ్లకి కూడా వినిపిస్తోంది. మీరంతా ఇలాంటివాటికి ఏం చేస్తున్నారు?

పాతసైకిల్:
ఊరుకోవడమే. నాకు 59. వారానికో కొత్త చోట నొప్పి వస్తుంది, పాతది పోతుంది. చప్పుడు గురించి అసలు దిగులొద్దు. నొప్పీ వాపూ లేని చప్పుడుకి మందు అక్కర్లేదు. అమెరికాలో డొనాల్డ్ అంగర్ అనే డాక్టర్ అరవై ఏళ్లకు పైగా ఎడమచేతి మెటికలు మాత్రమే విరుచుకుంటూ, కుడిచేతిని వదిలేశాడు. చివరికి చూస్తే రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదు. 2009లో ఆయనకి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది.

వేకువపిట్ట:
అది ఒక్క మనిషి సంగతి. అదీ చేతివేళ్లు. ఈయన అడిగింది మోకాళ్లు.
మడమది కారణం లేని నొప్పేం కాదండీ. పొద్దున మొదటి అడుగులకే గుచ్చి, నడిచేకొద్దీ తగ్గితే చాలాసార్లు అది ప్లాంటార్ ఫేషియైటిస్. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా పట్టీలా ఉండే కణజాలం ఇబ్బంది పెడుతుంది. పేరుంది, వ్యాయామాలున్నాయి. మీరు అడగలేదు కాబట్టి తెలియలేదు, అంతే.

గుంపులోగోవింద:
నాకు చెవుల్లో వెంట్రుకలు మొలుస్తున్నాయి. దానికీ స్కానింగ్ తీయించాలా?

పాతసైకిల్:
పేరు తెలిస్తే తగ్గిందా? పేరు తెలియకుండానే తగ్గింది కదా ఆయనకి.
నా సంగతి వినండి. ఆరేళ్ల క్రితం నడుం పట్టేస్తే ఎమ్మారై తీశారు. రిపోర్టులో డిస్క్ డీజెనరేషన్ (వెన్నుపూసల మధ్య డిస్కులు అరగడం), రెండు చోట్ల బల్జ్ (డిస్కు ఉబ్బడం) అని రాశారు. నొప్పి ఆరు వారాల్లో పోయింది. ఆ రెండు మాటలు రెండేళ్లు పోలేదు. బెల్టు పెట్టుకుని, బకెట్టు కూడా ఎత్తకుండా బతికాను. తర్వాత తెలిసింది, 2015లో అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీలో ఒక సమీక్ష వచ్చిందని. నడుం నొప్పి అసలు లేని 3,110 మంది స్కాన్లు. డిస్కుల అరుగుదల ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి ఉంది, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. అంటే జుట్టు నెరిసినట్టే అదీను. నెరిసిన జుట్టుకి బెల్టు పెట్టుకుంటామా?

కళ్లజోడు రెండోది:
ఒక్క మాట. కంటి ముందు ఈగల్లా నల్లచుక్కలు తిరగడం వయసుతో మామూలే. కానీ ఉన్నట్టుండి గుంపుగా వచ్చినా, మెరుపుల్లా కనిపించినా, పక్క నుంచి తెర దించినట్టున్నా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెటీనా చిరిగి ఉండొచ్చు. దీన్ని మాత్రం ఊరుకోవడంలో కలపకండి.

వేకువపిట్ట:
నేనూ అదే అంటున్నాను. నాకు కుడి భుజం. మొదట జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి వెళ్లేది కాదు. తర్వాత రాత్రిళ్లు ఆ పక్కకి పడుకోలేకపోయాను. చూపించుకుంటే, ఆ డాక్టర్ నా చెయ్యి ఒక్కసారి పైకెత్తి చూడలేదు. "ఈ వయసులో మామూలేనమ్మా" అన్నాడు. ఐదు నెలలు ఓర్చుకున్నాను. రెండో డాక్టర్ చెయ్యి తిప్పి చూసి, ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం అని చెప్పి షుగర్ టెస్ట్ రాశారు. షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ వస్తుందట. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 8.4 శాతం, షుగరేనని తేలింది. ఎన్నేళ్ల నుంచి ఉందో దేవుడికే తెలియాలి.

పాతసైకిల్:
అది షుగర్ వల్ల. నేను మాట్లాడేది వయసు వల్ల వచ్చే నొప్పులు.

వేకువపిట్ట:
ఏది వయసుదో ఏది కాదో చూడకుండా ఎలా తెలుస్తుంది సార్? నొప్పి బొట్టు పెట్టుకుని వస్తుందా?

పాతసైకిల్:
చిన్న నొప్పికి కొన్నాళ్లు ఆగితే తెలుస్తుంది. మీలాంటివాళ్ల టెన్షన్ మీదే ల్యాబులన్నీ బతుకుతున్నాయి.

వేకువపిట్ట:
"మీలాంటివాళ్లు" అంటే ఎవరు? ఐదు నెలలు నోరు మూసుకుని భరించినవాళ్లా? చదువుకున్నారు, అంకెలు చెబుతున్నారు, మాట తీరు మాత్రం ఆ మొదటి డాక్టర్‌దే.

గుంపులోగోవింద:
అయ్యా, అమ్మా, బీపీ చూసుకోండి.

పాతసైకిల్:
ఆ మాట అనకుండా ఉండాల్సింది. తప్పే.
కానీ నా బాధ వేరు మేడమ్. ఆ రిపోర్టు చూసి మా అబ్బాయి నా సైకిల్ అమ్మేశాడు. నన్ను అడగనైనా లేదు. ముప్పై ఏళ్లు తొక్కిన సైకిల్. ఇప్పుడు కింద పడిన పెన్ను తీద్దామని వంగితే ఇద్దరు పరిగెత్తుకొస్తారు. అందుకే నొప్పి వచ్చినా పైకి అబ్బా అనడం మానేశాను. అన్నానంటే ఇంకేం లాక్కుంటారో.

వేకువపిట్ట:
మా ఇంట్లో దీనికి పూర్తి రివర్స్. నేను అబ్బా అంటే ఎవరూ తల తిప్పి చూడలేదు. గిన్నెలు కడుగుతూ ఏడ్చిన రోజు కూడా "వయసు కదా" అన్నారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మీరు మొదటి లైనులోనే అదే రాశారు.

పాతసైకిల్:
నేను ఆ ఉద్దేశంతో రాయలేదు. మీకు ఎలా వినపడిందో ఇప్పుడు అర్థమైంది. అయినా అంగర్ విషయంలో నా మాట నాదే.

వేకువపిట్ట:
అవి వేళ్లు సార్. వేళ్లు.

నిద్రమబ్బు:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. చర్చ చాలా దూరం వెళ్లింది. మెడ కాస్త నయం. కానీ నిన్నటి నుంచి కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరి. పొద్దున గ్లాసు జారిపోయింది. ఇదీ వయసేనా?

పాతసైకిల్:
తిమ్మిరి అయితే ముందే చెప్పొద్దూ! చేతిలో పట్టు కూడా తగ్గుతోందంటే నరం నొక్కుకుంటోందేమో. వెళ్లి చూపించుకోండి. రేపు కాదు, ఇవాళే.

వేకువపిట్ట:
ఊరుకోవడమే అన్నారు?

పాతసైకిల్:
అది వేరు.