నటుడు కావాలనుకునేవాడికి బ్యాకప్ ఉద్యోగం ఉండాలా, వద్దా?

గుంటూరు కుర్రాడు:
బీటెక్ అయిపోయింది. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి. కానీ కాలేజీ నాటకాల దగ్గర్నుంచీ నాకు నటన తప్ప వేరే ధ్యాస లేదు. "ముందు ఉద్యోగంలో చేరు, సినిమాల సంగతి తర్వాత చూద్దాం" అంటారు నాన్న. ఫ్రెండ్సేమో జీతానికి అలవాటు పడితే కసి పోతుందంటున్నారు. ఏం చేయమంటారు?

తెగించినోడు:
చేరొద్దు తమ్ముడూ. ఎన్టీఆర్ 1947లో సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగం వస్తే కొద్ది వారాల్లోనే వదిలేశారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఒడ్డు చేరడు. ఒకటో తారీఖున జీతం పడటం మొదలైతే బైక్ ఈఎంఐ వస్తుంది, తర్వాత పెళ్లి సంబంధాలు వస్తాయి. ఇక ఆడిషన్‌కి ఎప్పుడెళ్తావు?

కృష్ణానగర్ అక్క:
అన్నా, ఎన్టీఆర్ గారి విషయం సగమే చెప్పారు. అప్పటికే ఆయన బీఏ పాసై, సర్వీస్ కమిషన్ పరీక్ష గట్టెక్కి ఉన్నారు. తర్వాత విజయా సంస్థ ఆయన్ని నెల జీతం మీద పెట్టుకుంది. ఇవాళ కొత్తవాడికి నెల జీతమిచ్చే నిర్మాత ఎవరున్నారు? అల్లు రామలింగయ్య గారు హోమియో వైద్యం చేసేవారు. కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరర్. వీళ్లలో కసి తగ్గిందెవరికి?

తమ్ముడూ, బ్యాకప్ ఉండి తీరాలి. కాకపోతే ఏ పని అన్నదే అసలు సంగతి. నేను చిన్న వేషాలు వేస్తాను, మిగతా రోజుల్లో డబ్బింగ్ చెబుతాను. మాకు ఫోన్ రాత్రి పదింటికి వస్తుంది: "రేపు ఉదయం ఏడింటికి లొకేషన్‌లో ఉండాలి, రెండు చీరలు తెచ్చుకోండి" అని. అప్పటికప్పుడు సెలవు ఇచ్చే మేనేజర్ ఎంతమందికి దొరుకుతాడు? ఒక సీన్ అయ్యాక కంటిన్యుటీ మొదలవుతుంది, అంటే తర్వాతి షూటింగ్‌కి కూడా అదే రూపంలో కనబడాలి. మగవాళ్లయితే గడ్డం కూడా తీయకూడదు. రెండో షెడ్యూల్ మూడు వారాల తర్వాత పెట్టి, ఆ రోజు నువ్వు రాలేనంటే నీ పాత్రను అక్కడితో కత్తిరించేస్తారు. అది నీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు కూడా.

డబ్బులూ అంతే. చిన్న వేషానికి పేమెంట్ ఎప్పుడొస్తుందో తెలియదు, వేషం ఇప్పించిన కోఆర్డినేటర్ కమిషన్ పోగా చేతికొచ్చేది తక్కువ. ఇంటి అద్దె మాత్రం ఐదో తారీఖుకల్లా కట్టాలి. అద్దె టెన్షన్‌తో ఆడిషన్‌కి వెళ్లిన మనిషి మొహంలో ఆ టెన్షనే కనబడుతుంది. ఎలాంటి వేషానికైనా, ఎలాంటి షరతుకైనా తలూపేస్తాడు. ఆడపిల్లలకైతే అది ఇంకా ప్రమాదం. కుదరదు అని చెప్పగలగాలంటే చేతిలో నాలుగు డబ్బులుండాలి.

తెగించినోడు:
సరే అక్కా, డబ్బు లేకపోతే లొంగిపోతారన్న మాట ఒప్పుకుంటాను. కానీ తొమ్మిది గంటల ఆఫీసు, రెండు గంటల ట్రాఫిక్ అయ్యాక రిహార్సల్‌కి ఒంట్లో ఓపిక ఎక్కడుంటుంది? నా అభ్యంతరం అక్కడే.

పెళ్లిళ్ల కెమెరా:
నేను పెళ్లి వీడియోలు తీస్తూ షార్ట్ ఫిల్ముల్లో నటిస్తున్నాను. ముహూర్తాలు నెలల ముందే తెలుస్తాయి కాబట్టి ఏ రోజు ఖాళీయో చెప్పగలను. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఆ రోజుల్లో ఆడిషన్ల చుట్టూ తిరుగుతాను. మాఘంలో సంపాదించింది అప్పటిదాకా జాగ్రత్త చేసుకోవాలి. చిక్కల్లా ఒకటే, మంచి ముహూర్తం రోజే షూటింగ్ పడితే కెమెరాకి వేరేవాణ్ని పంపి డబ్బులు వదులుకోవాలి.

గుంటూరు కుర్రాడు:
అక్కా, మరి ఈ ఉద్యోగంలో చేరనా, వద్దా?

కృష్ణానగర్ అక్క:
ముందు ఆఫర్ లెటర్ తీసి చదువు. ఇన్నాళ్లు పనిచేసి తీరాలనే సర్వీస్ బాండ్ ఉందా, నోటీస్ పీరియడ్ ఎంత, షిఫ్టు ఏది, ఇంటి నుంచి పని చేయనిస్తారా చూడు. బాండ్ ఉంటే చేరొద్దు, వేరేది వెతుక్కో. లేకపోతే చేరు, ఏడాది ఖర్చులు వెనకేసుకో, శని ఆదివారాలు ఏదో ఒక నాటక బృందంతో రిహార్సల్ చెయ్యి. ఆ ఏడాదిలోనే ఎడిటింగో డబ్బింగో నేర్చుకో, తర్వాత అదే నీ బ్యాకప్ అవుతుంది. నాన్నగారికి కూడా ఏడాది అనే చెప్పు, నెల పేరుతో సహా.