ర్యామ్ పెంచుకోవచ్చని అమ్మారు, మూత తీస్తే స్లాటే లేదు. అర్జెంట్

కంకిపాడు కుర్రోడు:
పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది, తల వేడెక్కిపోయింది. మా చెల్లికి లాప్‌టాప్ కొని నెల కూడా కాలేదు. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే మౌస్ కూడా కదలట్లేదు. కొనేటప్పుడే షోరూమ్‌లో అడిగా, 8 జీబీ సరిపోద్దా అని. "ఇప్పటికి చాలు సార్, తర్వాత 16, 32 దాకా ఎప్పుడైనా పెంచుకోవచ్చు" అన్నాడు. సరే కదా అని ఆన్‌లైన్లో 8 జీబీ ర్యామ్ తెప్పించా. వెనక స్క్రూలన్నీ తీసి చూస్తే అది పెట్టే చోటే కనబడట్లా. కీబోర్డు కింద ఉంటుందని యూట్యూబ్‌లో ఒకాయన చెప్తున్నాడు. మదర్‌బోర్డు పైకి లేపాలా? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి, మూత ఇంకా తీసే ఉంది.

స్క్రూడ్రైవర్:
మోడల్?

కంకిపాడు కుర్రోడు:
రైజెన్ 5 అండి. 7000 సిరీస్, లేటెస్టే. 512 ఎస్‌ఎస్‌డీ.

స్క్రూడ్రైవర్:
అది మోడల్ కాదు. కంపెనీ పేరు కూడా నాకక్కర్లేదు. ప్రాసెసర్ పూర్తి పేరు కావాలి. నాలుగంకెలు, చివర ఒక అక్షరం ఉంటాయి. పెట్టె మీదో బిల్లు మీదో ఉంటుంది. తెచ్చిన ర్యామ్ మీద ఏం రాసుందో కూడా చెప్పండి. అప్పటిదాకా ఇంకేదీ విప్పొద్దు. కీబోర్డు జోలికి అసలే పోవద్దు.

బిల్లు బాబాయ్:
ర్యామ్ సంగతి తర్వాత, బిల్లు ఎలా ఇచ్చారో ముందు చూసుకో నాయనా. లాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లొద్దంటే తగ్గిస్తా" అన్న మాటకి పడిపోయి ఎస్టిమేట్ కాగితంతో ఇంటికొస్తే రేపు అడగడానికి ఆధారముండదు. బిల్లులో సీరియల్ నంబరు ఉండాలి, అది మిషను అడుగున ఉన్న నంబరుతో కలవాలి. కంపెనీ సైట్లో ఆ నంబరు కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి లెక్కేశారో చూడు. సరుకు గోడౌన్లో మూలిగి ఉంటే ఒక్కోసారి వారంటీ మీరు కొనకముందే మొదలైనట్టు చూపిస్తుంది. బిల్లు పంపిస్తే తేదీ సరిచేస్తారు. షోరూమ్‌లో అదనంగా అంటగట్టే "ప్రొటెక్షన్ ప్లాన్" కంపెనీ పొడిగించిన వారంటీ కాదు. చాలావరకు వేరే సంస్థది. రిపేరు ఎవరు చేస్తారు, సొంత సర్వీస్ సెంటరా, వేరేవాళ్లా అని అడగకుండా దానికి డబ్బు కట్టొద్దు.

కంకిపాడు కుర్రోడు:
బిల్లుంది బాబాయ్, జీఎస్టీతోనే. అది కాదు నా గొడవ. ప్రాసెసర్ 7520యూ. ర్యామ్ మీద డీడీఆర్4 3200 అని ఉంది. ఇంకో సంగతి, విప్పకముందు టాస్క్ మేనేజర్‌లో చూశా. స్లాట్లు 2లో 2 వాడుతున్నట్టు ఉంది. అంటే స్లాట్లు ఉన్నట్టే కదా? మరి ఎక్కడ?

స్క్రూడ్రైవర్:
లేవు. మూత పెట్టేయండి.

చిప్పులమ్మ:
స్క్రూడ్రైవర్ గారు చెప్పింది నిజమే, కారణం కూడా చెప్తే బాగుండేది. తమ్ముడూ, 7520యూ ప్రాసెసర్ ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్‌తో మాత్రమే పనిచేస్తుంది. ఆ రకం ర్యామ్ పుల్లలుగా (స్లాటులో గుచ్చే విడి ముక్కలుగా) రాదు, చిప్పులుగా నేరుగా బోర్డు మీద అతికించి వస్తుంది. కాబట్టి ఏ కంపెనీదైనా సరే, ఆ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్‌లో ర్యామ్ స్లాటు ఉండదు. ఫ్యాక్టరీలో ఎంత పెట్టారో జీవితాంతం అంతే. టాస్క్ మేనేజర్‌లో స్లాట్ల అంకె చూసి మోసపోవద్దు. బోర్డు తన గురించి తాను చెప్పుకున్న లెక్కది. అతికించిన చిప్పుల్ని కూడా స్లాట్ల కింద చూపిస్తుంది. దాని కిందనే "ఫామ్ ఫ్యాక్టర్" అని ఇంకో వరస ఉంటుంది. అక్కడ "ఎస్‌ఓడిమ్" అని ఉంటే పుల్ల, "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అతికించినది. మీదాంట్లో రెండోదే ఉంటుంది చూడండి.

మీరు తెచ్చిన డీడీఆర్4 పుల్ల ఈ మిషనుకే కాదు, డీడీఆర్5 స్లాటున్న మిషనుకి కూడా పట్టదు. దీనికి 260 పిన్నులు, దానికి 262. మధ్యలో గాడి ఉండే చోటు కూడా వేరు. బోర్డు మీద ఖాళీగా ఒక స్లాటు కనబడుతూ ఉండొచ్చు. అది ఎం.2, ఎస్‌ఎస్‌డీ కోసం. అందులో ర్యామ్ దూర్చే ప్రయత్నం చెయ్యకండి, పుల్లా పోతుంది, స్లాటూ పోతుంది.

మూత పెట్టేటప్పుడు స్క్రూల పొడవు చూసుకోండి. సాధారణంగా వెనక అంచు, అంటే తెర మడత వైపువి పొడవు, చేతులానించే వైపువి పొట్టి. పొడవు స్క్రూని పొట్టి రంధ్రంలో తిప్పితే లోపలి ప్లాస్టిక్ బొడిపె చీలిపోతుంది, లేదా పైవైపు ఉబ్బు కనబడుతుంది. ముందు మూత చుట్టూ క్లిప్పులు టక్కుమని కూర్చున్నాక స్క్రూలు బిగించండి. స్క్రూలతో మూతని లాగే పని పెట్టుకోవద్దు.

పెంగ్విన్:
విండోస్ తీసేసి లైనక్స్ వేసెయ్. 8 జీబీ ఎక్కువే.

స్క్రూడ్రైవర్:
ఎమ్యులేటర్‌కి, అంటే కంప్యూటర్లో నడిచే ఉత్తుత్తి ఫోన్‌కి, ఏ ఓఎస్ అయినా అంతే మెమరీ కావాలి.

పెంగ్విన్:
విండోస్ ఊరికే మింగేది మిగులుతుంది కదా.

నిజాంపేట నెట్:
చిప్పులమ్మ గారు చెప్పింది కరెక్టే. ఇంకో మోసం ఎవరూ అంటలేరు. "7000 సిరీస్ లేటెస్ట్" అని అమ్మిండ్రు చూడండి, అదీ సగం అబద్ధమే. ఏఎండీ 2022లో పేర్ల పద్ధతి మార్చింది. మొదటి అంకె ఏ ఏడాది మోడలో చెప్తది, 7 అంటే 2023. రెండోది తరగతి. లోపల ఏ డిజైనున్నదో చెప్పేది మూడో అంకె. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2. అది 2019 నాటి డిజైన్. 7530యూ అయితే జెన్ 3, 7540యూ అయితే జెన్ 4. షాపుల పక్కపక్కన పెట్టి "రెండూ రైజెన్ 5 సార్, ఇది 5 వేలు తక్కువ" అంటరు. అందులో 7520 నాలుగు కోర్లది (కోర్ అంటే లెక్కలు చేసే భాగం), ఇంకోటి ఆరు కోర్లది. పాత జనరేషన్‌ని కొత్త జనరేషన్ అని అమ్ముడు కాదా ఇది?

విశాఖ 530:
జనరేషన్ అనే మాట ఎవరికి తోచినట్టు వాళ్లు వాడేస్తున్నారు. 7520యూ చిప్పు 2022 చివర్లో వచ్చింది, 6 నానోమీటర్ల తయారీ, గ్రాఫిక్స్ డిజైను కొత్తది, ర్యామ్ ఎల్‌పీడీడీఆర్5. కోర్ల డిజైను ఒక్కటే పాతది. దాన్ని పాత చిప్పు అనడం తప్పు.

నిజాంపేట నెట్:
కొనేటోనికి కావాల్సింది ఆ కోర్లే కదన్నా. గ్రాఫిక్స్ కొత్తదైతే ఏంది, అందులున్నవి రెండే యూనిట్లు.

విశాఖ 530:
నేను దాన్ని గొప్ప చిప్పనలేదు. "పాత జనరేషన్" అన్న మాట తప్పన్నానంతే. ఇంటెల్‌లో కూడా ఇదే తంతు. కోర్ 5 120యూ అని కొత్త పేరుతో అమ్ముతున్నది 13వ తరం కుటుంబమే. ఐ3-ఎన్305ని "ఎనిమిది కోర్ల ఐ3" అని చూపిస్తారు. ఆ ఎనిమిదీ చిన్న కోర్లే, పెద్ద కోరు ఒక్కటీ లేదు. ఐ3-1215యూలో ఉన్నవి ఆరే అయినా రెండు పెద్దవి. కోర్ల లెక్క చూసి కొనేవాళ్లకి మొదటిదే గొప్పగా కనబడుతుంది.

స్క్రూడ్రైవర్:
అడిగింది ర్యామ్ గురించి.

కంకిపాడు కుర్రోడు:
జనరేషన్ ఏదైనా కానీండి అన్నా. వాడు పచ్చి అబద్ధం చెప్పి అమ్మినట్టే కదా? ఇప్పుడు వెనక్కిచ్చేయొచ్చా? చెల్లికి ప్రాజెక్టు మొదలైంది, ఈలోపు ఏం చెయ్యాలి?

బిల్లు బాబాయ్:
ఇప్పుడు అడగాల్సింది అడిగావు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) తీసి చూడు. అమ్మిన సరుకుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. నెల కాలేదన్నావు కదా, వెళ్లి చట్టం పేరు చెప్పు, దిగొస్తారు.

చిప్పులమ్మ:
బాబాయ్ గారూ, ఆ క్లాజు లోపమున్న సరుకు గురించి. ఇక్కడ మిషను బాగానే ఉంది, 8 జీబీ అన్నారు, 8 జీబీ ఇచ్చారు. ఆ 30 రోజుల మాట పట్టుకెళ్తే మేనేజర్ నవ్వి పంపేస్తాడు. అదే సెక్షన్లో మొదటి అంశం పనికొస్తుంది. సరుకు నాణ్యత, రకం వగైరాల గురించి తప్పుగా చెప్పడం, అది నోటిమాటైనా రాతైనా. నోటిమాట కూడా లెక్కలోకి వస్తుంది, కానీ అన్నాడని చూపించాలి. తమ్ముడూ, కొనేముందు వాట్సాప్‌లో ఏమైనా మాట్లాడారా? ర్యాక్ మీద ధర కార్డు ఫొటో ఉందా? అందులో "ఎక్స్‌పాండబుల్" అని ఉంటే అదే గట్టి ఆధారం.

కంకిపాడు కుర్రోడు:
వాట్సాప్‌లో రేటు పంపాడు. కింద "ర్యామ్ అప్‌గ్రేడబుల్" అని ఉంది! ఇప్పుడే చూశా.

బిల్లు బాబాయ్:
చెప్పాగా, చట్టం నీ వైపే ఉంది.

చిప్పులమ్మ:
అది స్క్రీన్‌షాట్ తీసి, చాట్‌ని మెయిల్‌కి ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ముందు షోరూమ్ మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. డబ్బు వాపసు అంటే సాధారణంగా ఒప్పుకోరు, కాబట్టి మార్పిడి అడగండి. తేడా డబ్బు కడతాను, 16 జీబీ ఉన్నది ఇవ్వండి అనాలి. అదే 7520యూలో 16 జీబీవి వస్తాయి, కానీ ఎలాగూ మారుస్తున్నప్పుడు 7530యూ అయితే మేలు. మూత విప్పిన సంగతి వాళ్లడిగితే దాచొద్దు, ఏదీ పాడవలేదని చూపించండి. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చెయ్యండి. అక్కడి నుంచి సంస్థకి పంపుతారు, చాలా గొడవలు అక్కడే తేలతాయి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్లలోపు వెయ్యొచ్చు, లాయరు తప్పనిసరి కాదు.

సున్నా ఒకటి:
ఈలోపు ప్రాజెక్టు పని ఆగకుండా. ఆండ్రాయిడ్ స్టూడియోకి ఎమ్యులేటర్‌తో కలిపి కనీసం 16 జీబీ కావాలని గూగుల్ వాళ్లే చెప్తున్నారు, అది లేకుండా అయితే 8. కాబట్టి ఎమ్యులేటర్ తెరవొద్దు, ఫోన్ వాడండి. ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టండి, ఫోన్ మీద వచ్చే అనుమతికి సరే అనండి. ఫోన్ లిస్టులో రాకపోతే మొదట కేబుల్ మార్చండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉంటాయి, వాటిలో డేటా వెళ్లదు. అప్పటికీ రాకపోతే ఆ ఫోన్ కంపెనీ యూఎస్‌బీ డ్రైవర్ వెయ్యాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి కేబుల్ లేకుండా వైఫై మీద కూడా అవుతుంది.

లాప్‌టాప్‌తో పాటొచ్చిన ట్రయల్ యాంటీవైరస్ తీసెయ్యండి, విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు. స్టార్టప్‌లో అక్కర్లేనివి ఆపండి. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే చోటు) ఆపమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, 8 జీబీలో అది లేకపోతే స్టూడియో మధ్యలోనే మూసుకుపోతుంది.

తాళంచెవి:
దీనికి సంబంధం లేదనుకోకండి. షోరూమ్‌లో మొదటిసారి ఆన్ చేసి "మేమే సెటప్ చేసిస్తాం" అన్నారా? ఎవరి మెయిల్‌తో చేశారు?

కంకిపాడు కుర్రోడు:
వాళ్లే చేసిచ్చారు. మెయిల్ ఏదో వాళ్లదే పెట్టారనుకుంటా. ఆఫీస్ కూడా వాళ్లే వేశారు, లైఫ్‌టైమ్ ఫ్రీ అన్నారు.

తాళంచెవి:
అదీ సంగతి. విండోస్ 11లో చాలా లాప్‌టాపులకి డిస్కు ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి తాళం, దానంతటదే ఆన్ అవుతుంది. రికవరీ కీ, అంటే ఆ 48 అంకెలు, మొదట లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి పోతుంది. రేపు బయాస్ (బోర్డు మీదుండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత నీలం తెర వచ్చి కీ అడిగితే అది షోరూమ్ కుర్రాడి మెయిల్‌లో ఉంటుంది. మూత పెట్టి ఆన్ చేశాక మొదటి పని: సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చెయ్యండి, పూర్తయ్యేదాకా ఆగండి. అకౌంట్స్‌లో వాళ్ల ఖాతా తీసి మీది పెట్టండి. తర్వాత మళ్లీ ఆన్ చేస్తే కొత్త కీ మీ ఖాతాలోకి వస్తుంది. లాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ కూడా యాక్టివేట్ చేసిన ఖాతాకే అంటుకుని ఉంటుంది. అది వాళ్ల మెయిల్‌తో అయ్యుంటే ఆ ఖాతా మీకు అప్పగించమని ఇప్పుడే అడగండి. ఆ కుర్రాడు ఉద్యోగం మారాక దొరకడు.

విశాఖ 530:
తర్వాత కొనబోయేవాళ్ల కోసం ఒక మాట. "16 జీబీ" అంటే సరిపోదు, ఒక పుల్లా రెండా అని కూడా అడగండి. ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ అని స్టిక్కర్ ఉన్న ఇంటెల్ మిషన్లో ఒకే పుల్ల ఉంటే విండోస్‌లో అది యూహెచ్‌డీ అనే (తక్కువ రకం గ్రాఫిక్స్ పేరుతో) కనబడుతుంది, ఆ మేరకు నెమ్మదిగానే ఉంటుంది.

నిజాంపేట నెట్:
మళ్లా ఇంటెలే పట్టుకున్నవ్. అడిగినాయనది ఏఎండీ.

విశాఖ 530:
డ్యూయల్ చానల్, అంటే రెండు పుల్లలు కలిసి పనిచేసే లాభం రెండు కంపెనీలకీ ఒకటే. పేరు మారేది మాత్రం ఇంటెల్‌లో.

నిజాంపేట నెట్:
ఎల్‌పీడీడీఆర్‌లో పుల్లలే లేవు కదా, దీనికెట్ల?

కంకిపాడు కుర్రోడు:
మూత పెట్టేశా, ఆన్ అయింది. ర్యామ్ రిటర్న్ పెట్టా. ఫోన్‌తో యాప్ నడుస్తోంది, కేబులే సమస్య, మార్చాక వచ్చింది. ఎన్‌క్రిప్షన్ ఆఫ్ అవుతోంది ఇంకా. షోరూమ్‌లో మేనేజర్ సోమవారం వస్తాడంట. థ్యాంక్స్ అందరికీ.

బిల్లు బాబాయ్:
సోమవారం వెళ్లేటప్పుడు బిల్లు ఒరిజినల్ ఇవ్వకు, జిరాక్స్ ఇవ్వు. ఇంతకీ ఆ ప్రొటెక్షన్ ప్లాన్ తీసుకున్నావా లేదా?