ఇండీ కామిక్స్‌కి గ్రేడింగ్ చేయించి స్లాబ్ వేయించాలా? (ఇంటి స్లాబ్ కాదు!)

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
నా దగ్గర పద్నాలుగు ఇండీ కామిక్స్ (పెద్ద కంపెనీలవి కాకుండా గీసినవాళ్లే వేసుకున్న బొమ్మల పుస్తకాలు) ఉన్నాయి. పదకొండు మనవాళ్లు సొంత డబ్బులు పెట్టి అచ్చు వేసుకున్నవి, హైదరాబాద్ కామిక్ కాన్‌లో గీసినవాళ్ల దగ్గరే కొని సంతకాలు పెట్టించుకున్నాను. మిగతా మూడు మా చిన్నాన్న అమెరికా నుంచి తెచ్చిన ఎనభైల నాటివి, నలుపు తెలుపు. ఫ్లోరిడాలో సీజీసీ అని ఉంది కదా, పుస్తకం ఎంత బాగుందో చూసి మార్కు (గ్రేడు) వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో (స్లాబ్‌లో) సీలు చేసి ఇచ్చే కంపెనీ, దానికి పంపాలా వద్దా? ముందు ప్రెసింగ్ (నొక్కి సాపు చేయడం) చేయించాలా? తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ ఎలా ఉంటుంది?

రాజాం_మాస్టారు:
ఫ్లోరిడా దాకా ఎందుకు బాబూ. నేను జిరాక్స్ షాపులో అట్టలకి లామినేషన్ చేయించాను. పన్నెండేళ్లయింది, ఇప్పటికీ తళతళలాడుతున్నాయి. పుస్తకానికి ముప్పై రూపాయలు.

మూడు_లాంతర్లు (విజయనగరం):
మాస్టారూ, ఈ మాట పుస్తకాలు దాచుకునేవాళ్ల మధ్య అనకండి, కొడతారు. వేడి పెట్టి జిగురుతో అంటించింది మళ్లీ ఊడదు, ఆ పుస్తకం విలువ అక్కడితో సరి. నేను ఇప్పటికి 22 పంపాను కాబట్టి చెబుతున్నా. గ్రేడు 0.5 నుంచి 10 దాకా. 9.8కీ 9.4కీ ధరలో పొంతనే ఉండదు, వెన్ను దగ్గర రంగు లేచిన గీత ఒక్కటి చాలు గ్రేడు పడిపోడానికి. ప్రెసింగ్‌తో వంపులు పోతాయి, రంగు లేచింది మాత్రం పోదు. ఒకసారి స్లాబ్‌లో పడిందంటే ఇక వరదొచ్చినా భయం లేదు.

రాజాం_మాస్టారు:
కొట్టడమేటి? నా పుస్తకం, నా ముప్పై రూపాయలు. విలువంటే అమ్ముకోడమేనా? నేను అమ్మడానికి కొనలేదు.

పలాస_జీడితోట:
లామినేషన్ గురించి నన్నడగండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపానుకి మా ఇంటి రేకులు లేచిపోయి ట్రంకు పెట్టెలోకి నీళ్లు దిగాయి. మామూలువి ఒక్కొక్కటీ విడదీసి నీడలో ఆరబెడితే సగం దక్కాయి, పిన్నులు తుప్పు పట్టాయనుకోండి. లామినేషన్ చేసినవి ఒక్కటీ దక్కలేదు. అంచుల్లోంచి దూరిన నీరు బయటికి పోయే దారి లేక లోపలే బూజు పట్టింది. మా తమ్ముడు ఆ రోజు జీడిచెట్లు పోయాయని ఏడుస్తుంటే నేను పుస్తకాలకి ఏడ్చానని ఇప్పటికీ దెప్పుతాడు.

రాజాం_మాస్టారు:
తుపానొస్తే ఇల్లే ఉండదు, లామినేషన్‌దా తప్పు?

ఆమదాలవలస_ప్యాసింజర్:
మూడు లాంతర్లు గారూ, 22 పంపానన్నారు, వరదకి భయం లేదని ఎవరు చెప్పారండీ మీకు? స్లాబ్ నీళ్లు చొరబడని డబ్బా కాదు, గాలి కూడా ఆడుతుంది. మన సముద్రపు తేమకి లోపల కాగితం వంగుతుంది. కిటికీ పక్కన పెడితే రంగూ వెలుస్తుంది.

మూడు_లాంతర్లు:
మాట వరసకి అన్నాను. మీరెన్ని పంపారు?

ఆమదాలవలస_ప్యాసింజర్:
ఒక్కటే, దానికే బుద్ధొచ్చింది. గీసినాయన నా కళ్లముందే సంతకం చేశాడు, నా కళ్లు వాళ్లకి లెక్కలోకి రావు కదా. సీజీసీ వాళ్ల మనిషి సాక్షిగా చూస్తుండగా పెట్టిన సంతకానికే, అసలుదని పసుపు లేబుల్ అన్నారు. నాకు ఆకుపచ్చ లేబుల్ వేసి పంపారు, అట్ట మీద ఏదో రాత ఉందని. దారి ఖర్చులతో కలిపి ఏడు వేలు చిల్లర అయింది, పుస్తకం కొన్నది 250కి. నాగావళి గారూ, మీ పదకొండూ సంతకాలవేగా, వాటి సంగతి ఇంక మర్చిపోండి.

గంటస్తంభం_నీడ:
చిన్నాన్నగారి మూడింటిలో టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్ మొదటి సంచిక ఉందా? 1984లో మొదటి ముద్రణ సుమారు మూడు వేలే వేశారు, నకిలీలూ తిరుగుతున్నాయి. అలాంటిదైతే నిజమైనదని తేలడానికైనా పంపాల్సిందే.

నాగావళి_ఒడ్డు:
ఉంది! కానీ లోపల మూడో ముద్రణ అని ఉంది 😔

గంటస్తంభం_నీడ:
అయితే కూర్చుని చదువుకో.

కథల_పిచ్చి (శ్రీకాకుళం):
అదే నేనూ అంటాను. కథకుడు కారా మాస్టారు 1997లో మన ఊళ్లోనే కథానిలయం లైబ్రరీ పెట్టింది పాత కథలు జనం చదువుకోవాలని. ప్లాస్టిక్‌లో బిగించి సీలు వేసిన పుస్తకం ఒక్క పేజీ తిప్పాలన్నా డబ్బా పగలగొట్టాలి, పగలగొడితే గ్రేడు చెల్లదు. ఇదేం సరదా?

మూడు_లాంతర్లు:
చదవడానికి ఇంకో కాపీ కొనుక్కోవాలి. అందరూ అదే చేస్తారు.

కథల_పిచ్చి:
రెండొందల కాపీలు వేసిన కుర్రాడి పుస్తకానికి ఇంకో కాపీ ఎక్కడ దొరుకుతుంది గురూ?

పలాస_జీడితోట:
యాసిడ్ లేని అట్టముక్క వెనకాల పెట్టి, మైలార్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) కవర్లో వేసి, నిలబెట్టి పెట్టెలో ఉంచండి. సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో మారుస్తూ ఉండండి. కలరా ఉండలు మాత్రం వద్దు, ఆ కంపు కాగితానికి పడితే పోదు. మా అమ్మ చందమామల్లో వేపాకు పెట్టేది.

రాజాం_మాస్టారు:
మా ఇంట్లో చందమామలు బైండు చేయించినవి పదహారు వాల్యూములు ఉన్నాయి. బైండు కూడా తప్పేనా, లేకపోతే దానికీ కొడతారా?

మూడు_లాంతర్లు:
అంచులు కత్తిరించారా?

రాజాం_మాస్టారు:
కత్తిరించకుండా బైండెలా అవుతుంది!

మూడు_లాంతర్లు:
నేను ఇక్కడ లేను.

నాగావళి_ఒడ్డు:
కస్టమ్స్ సంగతి ఎవరూ చెప్పలేదు, సర్లెండి. ఇప్పటికి ఏదీ పంపడం లేదు. మైలార్ కవర్లు తెప్పిస్తాను.

కథల_పిచ్చి:
మంచిది. ఆ తాబేళ్ల పుస్తకం ఒక్క రోజు ఇవ్వవా? ఆదివారం ఏడు రోడ్ల దగ్గరికి వస్తాను.

నాగావళి_ఒడ్డు:
ఇంటికి రండి, ఇక్కడే కూర్చుని చదవండి. దారిలో బజ్జీలు తిని మాత్రం రాకండి.