ఐతరేయంలోని ఆంధ్రులు మనమేనా?

గట్టుమీద: ఐతరేయ బ్రాహ్మణం అనే వేదకాలపు గ్రంథంలో విశ్వామిత్రుడు శునఃశేపుణ్ణి పెద్దకొడుకుగా చేసుకుంటే, ఒప్పుకోని 50 మంది కొడుకులు శాపం తిని ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయ్యారట. ఆ ఆంధ్రులు మనమేనా?

కృష్ణాతీరం: ఇంకెవరు? అశోకుడి 13వ శిలాశాసనంలోనూ ఆంధ్రులున్నారు. పురాణాలైతే శాతవాహనులనే ఆంధ్రులన్నాయి.

నాణేల సంచి: పురాణాలు అన్నాయి సరే, శాతవాహనులు అన్నారా? నాసిక్ గుహలో గౌతమి బలశ్రీ తన కొడుకు, శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి ఏలిన దేశాలను వరసపెట్టి చెక్కించింది: అసిక, అసక, ములక, సురఠ, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, ఆకరావంతి. ఇందులో ఆంధ్ర ఎక్కడుందో చూపించండి.

కృష్ణాతీరం: చెప్పుకోకపోతే కాకుండా పోతారా? పల్లవ శివస్కందవర్మ మయిదవోలు రాగిరేకుల్లో ధాన్యకటకంలోని (ఇప్పటి అమరావతి దగ్గర) అధికారికి ఆజ్ఞ ఇస్తూ, విరిపర అనే ఊరు ‘అంధాపథం’లోది, అంటే ఆంధ్రదేశంలోది అన్నాడు. తిక్కన ‘ఆంధ్రావళి’ అన్నాడు.

నాణేల సంచి: పల్లవులు తర్వాతివాళ్ళు. అడిగింది శాతవాహనుల గురించి. తొలి శాతవాహన రాజు చిముకుడి నాణేలు దొరికింది మా తెలంగాణలో, గోదావరి ఒడ్డున కోటిలింగాలలో. మా రాజుకు మీ పేరు తగిలించకండి.

చివరి బెంచీ: ‘మీ పేరు’. ఇప్పుడు బయటపడింది.

కృష్ణాతీరం: అదే నేనూ అనేది! 2014లో హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కుంటుంటే ఒక ఓనరు ‘ఆంధ్రోళ్ళకు ఇయ్యం’ అని ముఖం మీదే అన్నాడు. మీ నాసిక్ శాసనం వెనక ఉన్నది ఆయనే.

నాణేల సంచి: మిమ్మల్ని ఒక ఓనరు అన్నాడు. నా యాస విని ‘ఇదీ తెలుగేనా’ అంటూ మా లెక్చరర్ క్లాసంతా నవ్వించాడు. నన్నయ ‘తెనుఁగున’ రచించమన్నారనే చెప్పుకున్నాడు కదా, ఆ మాట చాలదా? భాషకు ‘ఆంధ్రం’ అని కనిపిస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

గట్టుమీద: హైదరాబాద్‌లో 1901లో పెట్టిన గ్రంథాలయం పేరే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించింది కూడా ఆంధ్ర మహాసభకే. తెలంగాణవాళ్ళు ఇష్టపడి పెట్టుకున్న పేరు అది.

నాణేల సంచి: అప్పుడు ఆ పేరులో మేమూ ఉన్నాం కాబట్టి. 1956లో రెండు ప్రాంతాలు కలిపి ఆంధ్రప్రదేశ్ అన్నారు, తెలంగాణ మాట పేరులోనే లేదు. అప్పట్నుంచి ఆ పేరు మాది కాకుండా పోయింది. పోగొట్టింది మేం కాదు.

కృష్ణాతీరం: ఈ ముక్క మొదట్లోనే అనుంటే నాసిక్ దాకా వెళ్ళేవాళ్ళం కాదు. సరే, చిముకుణ్ణి మీరే ఉంచుకోండి. ధాన్యకటకం మాత్రం వదలను.