నాయనమ్మ ఫోటోని టేకు మీద చెక్కితే బొట్టు గుంత పడింది

హన్మకొండ నుంచి రాస్తున్నా అన్నా. ఇంట్లో 3018 సీఎన్‌సీ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే చిన్న మెషీన్) ఉంది, ఇప్పటిదాకా పేరు బోర్డులు, ఓంకారాలు చేశాను, అవి బాగానే వచ్చాయి. వచ్చే నెల నాయనమ్మ సంవత్సరీకం, ఆమె ముఖం టేకు పలక మీద చెక్కి బాపుకి ఇద్దామని ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసి, తెలుపు పైకి నలుపు లోతుకి అని పెట్టి, 4 మి.మీ. లోతుతో నడిపాను. తీసి చూస్తే బొట్టు ఉన్నచోట గుంత, నెరిసిన జుట్టు ముక్కు కంటే ఎత్తు, ముక్కుపుడక ముల్లులా పొడుచుకొచ్చింది. బాపుకి చూపించలేదు. ఎక్కడ తప్పు చేశాను?

కాజీపేట నుంచి:
తమ్మీ, మెషీన్ సరిగ్గానే చేసింది. ఫోటోలో ఉండేది వెలుగు, నీకు కావాల్సింది ఎత్తు. కుంకుమ ఎరుపు బ్లాక్ అండ్ వైట్‌లో ముదురుగా మారుతుంది కాబట్టి దాన్ని పల్లం అనుకుంది. నువ్వు డెప్త్ మ్యాప్, అంటే ఎంత తెలుపైతే అంత ఎత్తు అని చూపే బొమ్మ, వేరేగా చేసుకోవాలి. ఒక్క ఫోటో నుంచి లోతు అంచనా వేసే ఏఐ టూల్స్ ఉన్నాయి, మైడాస్ ఉచితమే, కానీ రెప్పలు, పెదవుల అంచులు మెత్తబడిపోతాయి. తర్వాత గింప్‌లో (ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) చేత్తో దిద్దాలి: ముక్కు కొన తెలుపు, బుగ్గలు కాస్త తక్కువ, చెవులు ఇంకా ముదురు, వెనక నలుపు. బొట్టుకి నుదుటి రంగే వెయ్యి. జేపెగ్‌లో సేవ్ చేయకు, ఫైల్‌ని కుదించేటప్పుడు అది వేసే మచ్చలన్నీ చెక్క మీద గరుకుగా దిగుతాయి. 16 బిట్ పీఎన్‌జీ పెట్టు, అందులో తెలుపు నలుపుల మధ్య మెట్లు చాలా సన్నగా ఉంటాయి.

వడ్ల (వడ్రంగి) పని చేసేవాణ్ణి:
రామప్ప గుడి గోడ చుట్టూ ఏనుగుల వరుస ఉంటుంది కదా, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫోటో తియ్యి. నీడలు మారిపోతాయి, రాయి ఎత్తు మాత్రం అదే. అందుకే నీడని నమ్మొద్దు. ఇక బిట్ (చెక్కే ములుకు) సంగతి: 2 మి.మీ. బాల్ నోజ్, అంటే కొన గుండ్రంగా ఉండేది, పెట్టి గీతకీ గీతకీ 0.2 మి.మీ. ఎడం ఉంచు. పలక 100 × 130 మి.మీ. అయితే 500 గీతలు, నిమిషానికి 600 మి.మీ. వేగంతో దాదాపు రెండు గంటలు. టేకు మీద పెట్టే ముందు ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) ముక్క మీద చూడు, మంచి టేకు ఖరీదు తెలుసు కదా.

ఇంకొకరు:
ఎత్తులు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. పలకకి నల్ల రంగు పూసి 60 డిగ్రీల వీ బిట్‌తో (కొన V ఆకారంలో ఉండేది) పక్కపక్కనే గీతలు గీయించు, వెలుగు ఎక్కువున్న చోట లోతుగా దిగితే గీత వెడల్పై తెల్లటి చెక్క బయటపడుతుంది. 1 మి.మీ. దిగితే సుమారు 1.15 మి.మీ. వెడల్పు. ఇక్కడ ఫోటో వెలుగే కావాలి, బొట్టు నల్లగానే కనిపిస్తుంది.

అడిగినవాణ్ణి మళ్లీ:
అన్నలందరికీ చాలా థ్యాంక్స్. డెప్త్ మ్యాప్ చేసి మూడు రాత్రులు కూర్చుని దిద్దాను, ఎండీఎఫ్ మీద నడిపాను. రెప్పల దగ్గర ఇంకా పని ఉంది గానీ ముక్కు, బుగ్గలు ఆమెవే. బాపు వచ్చి ఏం మాట్లాడకుండా బుగ్గ మీద వేలు పెట్టి నిమిరాడు. నుదురు చదునుగా వదిలేశాను, టేకు పలక అయ్యాక అమ్మ నిజం కుంకుమ పెడతానంది.