రికార్డింగ్ తెరిస్తే కాల్‌లో నా గొంతు పోతోంది

మాది బెజవాడ సత్యనారాయణపురం. గాత్రం నేర్పుతాను. పొద్దున్న 6 గంటలకి డాలస్‌లో ఒక పాపకి క్లాసు, వాళ్లకి ముందురోజు రాత్రి ఏడున్నర. విండోస్ 11, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), మైకు, హెడ్‌ఫోన్లు. కంప్యూటర్‌లోనే శ్రుతి పెట్టుకుంటాను. పాప సాధన కోసం పాఠం రికార్డు చేసి పంపాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచానో లేదో, "మాస్టారూ, పెదాలు కదుల్తున్నాయి, స్వరం రావట్లేదు" అంటుంది. శ్రుతి కూడా నాకే వినపడుతుంది, తనకి చేరదు. షాపులో అడిగితే మైకు మార్చమన్నారు. మార్చాను. అదీ మూగదే!

పటమట కుర్రాడు:
మైకు తప్పు కాదండి. మామూలుగా విండోస్ అందరి శబ్దాన్నీ కలిపి పంచుతుంది. ఏదైనా సాఫ్ట్‌వేర్ 'ఎక్స్‌క్లూజివ్' అని పట్టుకుంటే మిగతావాటికి దక్కదు. సౌండ్ సెట్టింగ్స్‌లో పాత కంట్రోల్ ప్యానెల్ తెరిచి, రికార్డింగ్ ట్యాబ్, మైకు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లో 'ఎక్స్‌క్లూజివ్' కింద ఉన్న రెండు టిక్కులూ తీసేయండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో డ్రైవర్ (శబ్దం వెళ్లే దారి) 'ఏసియో' (ASIO) అని ఉంటే 'వసాపి షేర్డ్' (WASAPI, విండోస్ అందరికీ పంచే దారి) పెట్టండి. ఏసియో విండోస్ మిక్సర్‌ని దాటేసి నేరుగా మీ ఇంటర్‌ఫేస్ దగ్గరికే పోతుంది.

పాప గొంతు కూడా కావాలంటే ఓబీఎస్ (OBS) అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడండి. మైకు ఒక ట్రాకు, కంప్యూటర్ శబ్దం ఇంకో ట్రాకు. ఆడాసిటీ అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒకసారికి ఒక్క పరికరం నుంచే తీసుకుంటుంది.

బ్రాడీపేట 4వ లైను:
గుంటూరు నుంచి. నేను విండోస్ బదులు లినక్స్ వాడే మనిషిని. ఒకప్పుడు మాకూ ఇదే గోల, ఒకడు పాట పెడితే రెండోవాడికి 'డివైస్ బిజీ'. ఫెడోరా అనే లినక్స్‌లో 34వ వెర్షన్ నుంచి, అంటే 2021లో, శబ్దాలు పంచే పైప్‌వైర్ వచ్చాక, క్యూపీడబ్ల్యూగ్రాఫ్ (qpwgraph) అనే బొమ్మలో శ్రుతి నుంచి కాల్‌కి తీగ గీస్తే చాలు. మీరు ఇప్పుడు లినక్స్‌కి మారనక్కర్లేదు లెండి. జూమ్ అయితే స్క్రీన్ షేర్‌లో 'షేర్ సౌండ్' టిక్కు పెట్టండి, శ్రుతి మైకుతో పని లేకుండా వెళ్తుంది. స్పీకర్లో పెట్టి మైకుకి వినిపించినా లాభం లేదు. ఆగకుండా మోగేదాన్ని కాల్ ఫ్యాను మోతనుకుని తీసేస్తుంది. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేస్తేనే ఉంచుతుంది.

ఇంకా సుఖం: శ్రుతి పాప ఇంట్లోనే పెట్టించండి. కాల్‌లో ఆలస్యం తాళానికి చిక్కు గానీ శ్రుతికి కాదు.

అడిగినవాణ్ణి:
ఏసియోనే! మార్చగానే ఇద్దరం వినపడ్డాం. నిన్నటి మాయామాళవగౌళ సరళీస్వరాలు రెండు ట్రాకుల్లో వచ్చాయి. శ్రుతి పాప వైపే పెట్టించాను, ఆ మాట నాకెందుకు తట్టలేదో. ఒరిజినల్ సౌండ్‌తో మాత్రం మా సీలింగ్ ఫ్యాను డాలస్ దాకా వినిపిస్తోంది. క్లాసు అయ్యేదాకా ఆపేసి, భుజాన తువ్వాలుతో కూర్చుంటున్నాను. బెజవాడలో, మే నెలలో.